పాదాల సంచి

ఆ ఊళ్ళో సగం మందికి ఆమె మీటలక్క. మిగతా సగం మందికి ఇంకా ఆమెతో పని పడలేదు, అంతే.

ఇనప సామాన్ల కొట్టుకీ దర్జీ దుకాణానికీ మధ్య ఇరుక్కున్న సన్నటి గది ఆమెది. లోపలికి ఇద్దరొస్తే మూడో మనిషి మెట్టు మీద నిలబడాలి. గోడల నిండా అరలు, అరల నిండా పాత కంప్యూటర్లు. పెద్ద పెద్ద ఆఫీసులు నాలుగేళ్ళు వాడి, మోజు తీరి గుట్టగా వదిలించుకున్న వాటిని ఆమె తెచ్చుకుంటుంది. మూత విప్పి దుమ్ము దులిపి, అరిగిన ఫ్యాను మార్చి, ఉచితంగా దొరికే ప్రోగ్రాములు ఎక్కించి, కొత్తదాని ధరలో నాలుగో వంతుకి చిన్న కొట్ల వాళ్ళకి ఇస్తుంది. బేకరీ ఆయన, తాళాలు బాగుచేసే ఆయన, పూల కొట్టు అక్కచెల్లెళ్ళు, ట్యూషన్ మాస్టారు, అందరూ ఆమె దగ్గర కొన్నవాళ్ళే. వాళ్ళు మిషను చూసి కొన్నారనుకుంటే పొరపాటు. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతానని ఆమె ఇచ్చిన మాట చూసి కొన్నారు. పెద్ద షాపులో కొన్నవాళ్ళు ఫోన్ చేస్తే అరగంట పాట విని పెట్టేసుకోవాలి.

ఫోన్లో దారి చెప్పడమే ఆమె అసలు విద్య. కళ్ళు మూసుకుంటే చాలు, అవతలివాళ్ళ తెర ఆమెకి కనిపిస్తుంది. పైన ఎడమ మూల పసుపు బొమ్మ ఉందా, దాని పక్కది కాదు, దాని కిందది అంటూ చెయ్యి పట్టుకుని నడిపించేస్తుంది. కంప్యూటరు మాటలు కొట్లో కూర్చునేవాళ్ళకి కొరుకుడు పడవని మొదటి ఏడాదే ఆమెకి తెలిసొచ్చింది. అందుకని సొంతంగా ఒక భాష అల్లుకుంది. ఫైలంటే కాగితం. కాగితాలు పెట్టుకునేది సంచి. సంచిలో ఏముందో చూడాలంటే దాన్ని విప్పాలి. మీట రెండుసార్లు నొక్కడం టకటక. అక్కర్లేనివి పడేసేది చెత్తబుట్ట. ఇవన్నీ ఒక పసుపు అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి, ఇచ్చిన ప్రతి మిషను పక్కనా అతికించి వస్తుంది. అట్ట చివర రెండు ఆజ్ఞలుంటాయి. ప్రతి శనివారం పొద్దున్నే చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలి. అనుమానం వస్తే ఏదీ నొక్కకుండా అక్కకి ఫోన్ చెయ్యాలి.

ఆ భాషలో ఒక్క మాటకి మాత్రం చోటు లేదు. తీయడం. తలుపు తీయమంటే తెరవమని. పళ్ళెం తీయమంటే అక్కణ్ణించి పట్టుకుపొమ్మని. పెట్టెలోంచి చొక్కా తీయమంటే బయట పెట్టమని. మనిషి ఎదురుగా ఉంటే ఏ తీయడమో చేతి సైగని బట్టి తెలుస్తుంది. ఫోన్లో చెయ్యి కనపడదు కదా. అందుకే ఆ మాట తన నోటివెంట రాకూడదని ఒట్టు పెట్టుకుంది. పన్నెండేళ్ళు ఆ ఒట్టు నిలబెట్టుకుంది కూడా.

మీటలక్క పరమ భయస్తురాలు. షట్టరు దించి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతుంది. భయపడటానికి ఏమీ దొరకని రోజున ఏం మర్చిపోయానోనని భయపడుతుందని వాళ్ళాయన అందరి ముందూ ఆటపట్టిస్తాడు. అందరూ నవ్వుతారు. ఆమె ఆ నవ్వులో కలుస్తూనే పొయ్యి కట్టేశానా లేదా అని ఆలోచిస్తూ ఉంటుంది.

ఆమె ఎడమ కాలు కుడికాలి కంటే రెండు వేళ్ళ మందం పొట్టి. పుట్టుకతోనే అంత. ఏడో ఏట నుంచీ ఆమెకి బూట్లు కుట్టేది ఒకే ఒక మనిషి. ఊరి అవతలి చివర, పాత బస్సు డిపో వెనక సందులో ఆయన పనిగది. పాదాల మేస్త్రి అంటారు. మామూలు చెప్పులు ముట్టుకోడు. వంకర పాదాలు, మడమ నేలకి ఆననివి, వేళ్ళు లేనివి, షాపుల్లో ఏ బూటులోనూ పట్టనివి ఆయన గుమ్మం ఎక్కుతాయి. వచ్చినవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, తను కింద పీట మీద కూర్చుని, "ఏ కాలు?" అని అడుగుతాడు. తెల్ల కాగితం మీద పాదం ఆనించి చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాడు. నొప్పి ఉన్నచోట ఒక చుక్క, బరువు మోపేచోట ఒక సున్నా. పాదం ఏడాదికేడాది మారుతుంది, ఎటు మారుతోందో పాత గీత చూస్తేనే తెలుస్తుంది. అందుకని ఆయన ఒక్క కాగితం కూడా పారెయ్యలేదు. నలభై ఏళ్ళ పాదాలు అటక మీద కట్టలు కట్టి ఉండేవి.

మీటలక్క ఆయన్ని మావయ్యా అంటుంది, ఆయన భార్యని అత్తయ్యా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ముప్పై ఆరేళ్ళుగా ఒకాయన ముందు కాలు చాపుకుని కూర్చుంటే ఏదో ఒక వరస కలపక తప్పదు మరి. ఆమె పాత బూటు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మేస్త్రి ఒకే మాట అంటాడు. లోపలి మెత్తటి అట్టలో వేళ్ళ కింద ఐదు గుంటలు పడి ఉంటాయి. "లోపల బావి తవ్వుతున్నావా అమ్మాయ్?" అంటాడు. భయం వేస్తే ఆమె కాలివేళ్ళు ముడుచుకుంటాయి. రోజూ వేస్తుంది కాబట్టి రోజూ ముడుచుకుంటాయి.

ఏడాది కిందట అత్తయ్య ఒక్కతే మీటలక్క కొట్టుకి వచ్చింది. లోపల ఎవరూ లేకుండా చూసుకుని, మెట్టు మీదే నిలబడి చెప్పింది. మేస్త్రికి మొహాలు మరుపున పడుతున్నాయట. ఇరవై ఏళ్ళుగా వచ్చేవాళ్ళని పట్టుకుని మీరెవరని అడుగుతున్నాడట. పాదం గీసిన కాగితం చేతికిస్తే మాత్రం మనిషి పేరూ, పనీ, ఎటువైపు ఒరిగి నడుస్తాడో కూడా గడగడా చెప్పేస్తున్నాడట. కానీ అటక మీది కట్టల్లో కావలసిన కాగితం దొరకడానికి ఒక పూట పడుతోంది. అది దొరికేలోపు వచ్చిన మనిషి చిన్నబుచ్చుకుని లేచిపోతున్నాడు. పైగా మొన్న వానకి అటక కారి రెండు కట్టలు ముద్దయ్యాయి.

"గీతలన్నీ కంప్యూటర్లో పెట్టి, పేరు కొట్టగానే కనపడేలా చెయ్యగలవా?" అంది అత్తయ్య. "మరుపని మాత్రం ఆయనతో అనకు. కొత్త పద్ధతని చెప్పు."

మీటలక్క అరలన్నీ గాలించి నమ్మకమైన మిషను ఒకటి ఏరింది. పాత స్కానరు ఒకటి బాగుచేసి జత చేసింది. మూడు నెలల ఆదివారాలు అత్తయ్య కాగితాలు అందిస్తుంటే తను ఎక్కించింది. ఇంకా మేస్త్రి దగ్గరికి వస్తున్నవాళ్ళవి, వాళ్ళ చిన్నప్పటి గీతలతో సహా, నాలుగు వందల పన్నెండు కాగితాలు. ఒక్కోదానికీ మనిషి పేరు పెట్టి, అన్నిటినీ ఒక సంచిలో వేసి, సంచికి పాదాలు అని పేరు రాసింది. బూజు పట్టిన ఆ కట్టలు ఇంకెందుకు అన్నది కూడా తనే. ఉండనిద్దాం అని అత్తయ్య నసిగింది. అన్నీ లోపల భద్రంగా ఉన్నాయిగా అని మీటలక్క ధీమాగా చెప్పింది. కట్టలు పాత కాగితాల బండి ఎక్కాయి.

ఇలాంటి వాటికి ఇంకో డిస్కులో నకలు ఉంచాలని ఆమెకి తెలియక కాదు. ఊళ్ళో అందరికీ పాఠం చెప్పేది ఆమే. మేస్త్రి కోసం ఒక డిస్కు పక్కన పెట్టింది కూడా. ఈలోగా ట్యూషన్ మాస్టారి మిషను చతికిలబడితే ఆ డిస్కు ఆయనకి బిగించేసి, వచ్చే వారం ఇంకోటి తెస్తానంది. ఆ వచ్చే వారం ఆరు వారాలుగా వస్తూనే ఉంది.

కొత్త పద్ధతి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఎవరైనా వచ్చి పేరు చెబితే మేస్త్రి ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతాడు, తెర మీద పాదం వస్తుంది, ఆయన మొహం విచ్చుకుంటుంది. "ఏమయ్యా, ఆ మడమ నొప్పి తగ్గిందా?" అని పలకరిస్తాడు. వచ్చినాయన పొంగిపోతాడు. ఆ సంగతి మీటలక్కతో చెబుతూ అత్తయ్య ఏడ్చేసింది.

ఒట్టు తప్పింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. బేకరీ ఆయన మిషను మూత విప్పి బల్ల మీద పెట్టుకుని, నోట్లో రెండు స్క్రూలు పట్టుకుని పనిచేస్తోంది మీటలక్క. కేకుల ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయని బేకరీ ఆయన కాలు నిలవక, ఉన్న నాలుగడుగుల చోటులోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడు మేస్త్రి ఫోన్ చేశాడు. చోటు లేదని తెర మీద రాసి వస్తోందట, కొత్త పాదం ఎక్కించనివ్వడం లేదట. పాత డిస్కు, చిన్నది, అది మామూలే. సంచి ఎంత బరువుందో ముందు చూస్తే తర్వాత ఏం చెయ్యాలో చెప్పొచ్చు. మామూలుగా అయితే ఆమె కళ్ళు మూసుకునేది. ఆ వేళ మూసుకోలేదు.

"ఆ పాదాల సంచి ఉంది కదా మావయ్యా, అది తీయండి," అంది.

"తీయమంటావా? మొత్తమా?"

"మొత్తం తీయండి. ఏం కాదు."

"ఏదో అడుగుతోందమ్మాయ్. పెద్ద ప్రశ్నే."

"ఔననండి."

అప్పుడే ఒక స్క్రూ నోట్లోంచి జారి బేకరీ మిషను పొట్టలో పడింది. మళ్ళీ చేస్తానని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. స్క్రూ దొరికేసరికి సాయంత్రమైంది. ఫోను సంగతి మరిచిపోయింది.

శనివారం పొద్దున పదింటికి మేస్త్రే ఫోన్ చేశాడు. గొంతు హుషారుగా ఉంది. నువ్వు చెప్పినట్టే సంచి తీశానన్నాడు. ఇవాళ శనివారం కాబట్టి అట్ట మీద రాసినట్టే చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాక ఎంత చోటు వచ్చిందో అన్నాడు. పొద్దున్నించీ కొత్త పాదాలు ఎక్కిస్తున్నానని, మిషను పరిగెడుతోందని చెప్పాడు.

"ఇంతకీ పాతవన్నీ నీ దగ్గరికి వచ్చి చేరాయి కదూ?" అన్నాడు. "భద్రంగా తీసిపెట్టు."

మీటలక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది. చోటు లేదన్న మనిషికి సంచి తీయమని చెబితే ఆయన ఇంకేం చేస్తాడు? మిషను ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆయన కూడా ఒకటికి రెండుసార్లు అడిగాడు. ఔననమన్నది తనే. మావయ్యా, మీరింక ఏదీ ముట్టుకోకండి అని ఆమె నోరు తెరిచేలోపే, ఎవరో వచ్చారమ్మాయ్ ఉంటాను అని ఆయన పెట్టేశాడు. తిరిగి చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పని చేసేటప్పుడు ఆయన ఫోను డ్రాయర్లో పడేస్తాడు. అత్తయ్యకి ఫోను లేదు.

చెరిపేసినవి వెంటనే మాయమైపోవు, అదొక్కటే ఆశ. మిషను తన జాబితాలోంచి పేర్లు మాత్రం కొట్టేసుకుంటుంది, గీతలు డిస్కులో ఎక్కడివక్కడే పడి ఉంటాయి. కానీ ఆ చోటు ఖాళీ అనుకుని మిషను కొత్తవాటిని తెచ్చి వాటి మీద పెడుతుంది. పెట్టిందంటే కింది గీత ఇంక లేనట్టే. మేస్త్రి హుషారుగా ఎక్కిస్తున్న ఒక్కో కొత్త పాదం ఏదో ఒక పాత పాదాన్ని తొక్కేస్తోంది. అది ఎవరి పాదమో ఎవరికీ తెలియదు.

ల్యాప్‌టాపు, స్క్రూడ్రైవర్లు, తన సొంత మిషన్లోంచి పీకిన డిస్కు సంచిలో కుక్కుకుని ఆమె షట్టరు దించింది. తాళం లాగి చూడకుండా బస్సెక్కడం అదే మొదటిసారి. బస్సులో కూర్చోవడానికి చోటున్నా నిలబడే ఉంది. పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఆస్పత్రి దగ్గర డ్రైవరు ఎవరితోనో కబుర్లు పెట్టుకుని బస్సాపితే, అరికాలి మంట నెత్తికెక్కింది. అరవలేదు. అరిచే హక్కు తనకి లేదనిపించింది. ముద్దయిపోయిన కాగితాలు పోగా మిగిలినవాటిని పారెయ్యమన్నది తను. నకలు డిస్కు వేరొకరికి ఇచ్చేసింది తను. మాట జారింది తను. ప్రతి శనివారం చెత్తబుట్ట ఖాళీ చెయ్యమని రాసింది తను, అదీ గుండ్రటి అక్షరాలతో. ఎడమ బూటులో వేళ్ళు ముడుచుకుని ముడుచుకుని పిక్క పట్టేసింది.

డిపో దగ్గర దిగి ఆమె పరిగెత్తింది. ఆ బూటు నడకకి కుట్టింది, పరుగుకి కాదు. సందు మలుపులో ఒకసారి గోడ పట్టుకుంది.

పనిగదిలో తోలు వాసన, జిగురు వాసన. గోడ పొడుగునా మేకులకి వేలాడుతున్న కర్ర పాదాలు, బూట్లు కుట్టే అచ్చులు. మేస్త్రి స్కానరు ముందు నిలబడి ఉన్నాడు. గాజు మీద కొత్త కాగితం ఉంది, ఆయన వేలు మీట మీద ఉంది. మీటలక్క ఎవరినీ పలకరించకుండా నేరుగా గోడ దగ్గరికి పోయి ప్లగ్గు ఊడబీకింది. తెర నల్లబడింది.

మేస్త్రి తిరిగి చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో. కొత్తవాళ్ళని చూసినప్పటి మర్యాద ఉంది.

"కూర్చోండమ్మా," అన్నాడు. "ఏ కాలు?"

దారి పొడుగునా ఆమె తిట్లకి సిద్ధపడుతూ వచ్చింది. దీనికి సిద్ధపడలేదు. చేతిలో ప్లగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపలిగదిలోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరినీ చూసింది. "మన మీటలమ్మాయండీ," అంది నెమ్మదిగా. తెలుసులే అన్నాడు మేస్త్రి. తెలియలేదని ముగ్గురికీ తెలుసు.

మీటలక్క నేల మీదే చతికిలబడి మిషను మూత విప్పింది. డిస్కు బయటికి లాగి, దాని మీద ఇంకేదీ రాయకుండా కట్టడి చేసి, తన ల్యాప్‌టాపుకి తగిలించింది. ఒక్క విషయంలో అదృష్టం. అది పాత రకం డిస్కు, గరగరమంటూ తిరిగేది. కొత్త రకమైతే చెరిపిన కాసేపటికే తనంతట తనే శుభ్రంగా తుడిచేసుకునేది. ఇంత నత్తనడక డిస్కు మీకిస్తున్నానని అప్పట్లో ఆమె సిగ్గుపడింది. పోయినవాటిని వెతికే ఉచిత ప్రోగ్రాము ఒకటి ఉంది, ఎన్నోసార్లు వాడింది. దాన్ని నడిపించింది. తెర మీద ఒక ఖాళీ పట్టీ వచ్చింది, దాని ఎడమ అంచున సన్నటి నీలం గీత. దొరికినవి సున్నా అని దాని కింద రాసి ఉంది.

పది నిమిషాలైనా సున్నాయే. అప్పుడు అత్తయ్య అడిగింది, ఏమయిందని. చెప్పకుండా ఈ పని ముగించి లేచిపోదామా అని మీటలక్కకి ఒక క్షణం అనిపించింది. అనిపించినందుకు ఏడుపొచ్చింది.

"విప్పమనబోయి తీయమన్నాను మావయ్యా," అంది. "పాదాలన్నీ పోయాయి. వస్తాయో రావో తెలీదు. ఇంకెక్కడా లేవు."

మేస్త్రి పీట మీద కూర్చున్నాడు. "నేను అడిగాను కదా, మొత్తమా అని."

"అడిగారు."

"నువ్వు మొత్తం అన్నావు."

"అన్నాను."

ఆయన ఒక కర్ర పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. "కాగితాలు ఉంచుదామన్నాను నేను," అంది అత్తయ్య గోడవైపు చూస్తూ. ఆ మాట మీటలక్కకి చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. తల వంచుకుని నీలం గీతనే చూస్తూ కూర్చుంది. డిస్కు గరగరలాడుతోంది. ఆగితే భయం, ఆగకపోతే భయం.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సున్నా పోయి ఒకటి వచ్చింది. తర్వాత మూడు. తర్వాత పంతొమ్మిది. అత్తయ్య వచ్చి వెనక నిలబడింది. అంకె మారినప్పుడల్లా ఆమె ఊపిరి మీటలక్క మెడకి తగులుతోంది. మూడున్నరకి పట్టీ నిండింది. మూడు వందల డెబ్బై ఒకటి. మిగతా నలభై ఒకటి పొద్దుటి కొత్త పాదాల కింద నలిగిపోయాయి. దొరికినవాటిని ముందు ల్యాప్‌టాపులోకీ, ఆ తర్వాత తెచ్చిన డిస్కులోకీ నకలు చేసింది. ఆరు వారాల కిందట చెయ్యాల్సిన పని పావుగంటలో అయిపోయింది.

ఆ తర్వాత సంచి విప్పి చూస్తే మళ్ళీ నీరసం కమ్మింది. గీతలు వచ్చాయి కానీ పేర్లు రాలేదు. ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు. ఏ అంకె నొక్కినా ఒక పాదం, ఒక చుక్క, ఒక సున్నా. ఎవరిదో రాసి లేదు. పేరు కొడితే పాదం రావాలి, అందుకే కదా ఇంత చేసింది. ఇప్పుడు పాదం చూసి పేరు చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పొద్దున తనని కూర్చోండమ్మా అన్నాడు.

మీటలక్క అత్తయ్య మొహం చూసింది. అత్తయ్య పోయి కళ్ళజోడు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని మీటలక్క బల్ల మీద, పాదాలు గీయించుకునేవాళ్ళు కూర్చునే చోటే కూర్చుంది. మేస్త్రి పీట పక్కకి జరుపుకున్నాడు. ఆమె మొదటి పాదం విప్పింది.

ఆయన వేలు తెర మీద గీత వెంబడి మెల్లగా నడిచింది. చుక్క దగ్గర ఆగింది. "పూల కొట్టు పెద్దమ్మాయిది," అన్నాడు. "ఎప్పుడూ బకెట్లు కుడిచేత్తోనే మోస్తుంది. ఎడమ చేత్తో మొయ్యమంటే వినదు." మీటలక్క ఆ పేరు కొట్టింది. రెండోది తపాలా ఆయనది. మూడోది ఈత నేర్పే ఆవిడది. పదహారు వరకూ ఆయన ఎక్కడా తడుముకోలేదు. పదిహేడోదాని మీద వేలు రెండుసార్లు తిరిగింది, మూడోసారీ తిరిగింది.

"తెలీదు," అన్నాడు.

దాన్ని ఆమె వేరే సంచిలో వేసింది. పద్దెనిమిది తెలిసింది. ఇరవై మూడు తెలియలేదు. మీటలక్కకి ఇప్పుడు కొత్త దిగులు పట్టుకుంది. ఒక్కోదానికీ ఇంతసేపైతే ఇవాళ యాభై అవుతాయేమో. రేపు యాభై. రేపటికి ఆయన తలలో ఎన్ని మిగులుతాయి? ఎల్లుండికి? డిస్కయితే ప్లగ్గు పీకి ఆపింది. ఇక్కడ పీకడానికి ఏముంది? తొందరపెడితే ఆయన తడబడతాడు, పెట్టకపోతే పొద్దు వాలిపోతోంది. ఆమె కొడుతుంటే అక్షరాలు తప్పులు పడుతున్నాయి, దిద్దుకుంటోంది.

ముప్పై ఎనిమిదోది విప్పింది. చిన్న పాదం, ఎడమది. వేళ్ళ దగ్గర గీత తిన్నగా లేదు. చెరిపి మళ్ళీ గీసిన మచ్చలున్నాయి.

మీటలక్క చూడగానే పోల్చుకుంది. చెప్పలేదు. చెబితే ఆయన ఆ, తెలుసులే అంటాడు, పొద్దున అన్నట్టే. నోరు బిగబట్టుకుని కూర్చుంది. మేస్త్రి వంగి చూశాడు. గీత వెంబడి వేలు నడిచింది, ఆగింది, వెనక్కి వచ్చింది. తెలీదనే మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఆమె ఎదురుచూసింది.

"ఏడేళ్ళ పిల్ల," అన్నాడు. "వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది. కాలు తిన్నగా పెట్టవే అంటే వేళ్ళు ముడుచుకుంది. మూడుసార్లు గీశాను. మూడుసార్లూ ముడుచుకునే ఉంది. బళ్ళో అందరూ బూటే చూస్తారని దాని భయం. సరేలే అని ముడుచుకున్న కాలికే కుట్టాను, అరంగుళం వదులు పెట్టి. ఎప్పటికైనా చాపుతుందిలే అని."

"పేరు?" అంది మీటలక్క.

మేస్త్రి తెర మీంచి చూపు తిప్పలేదు. ఎడమ చెయ్యి పక్కకి చాపి, బల్ల మీంచి వేలాడుతున్న ఆమె బూటు పట్టుకున్నాడు. బూటు సరిపోయిందో లేదో చూసే అలవాటు చొప్పున ముందు భాగం మీద బొటనవేలితో నొక్కాడు. ఒకసారి నొక్కి, ఇంకొంచెం ముందుకి జరిపి మళ్ళీ నొక్కాడు.

"ఇంకా ముడుచుకునే ఉన్నావు," అన్నాడు. "చాపమ్మాయ్. పేరు కొట్టు, చాలా ఉన్నాయి."

ఆమె బూటులో వేళ్ళు చాపింది. నొప్పి పుట్టింది. తన పేరు కొట్టి, తర్వాతి పాదం విప్పింది.